పదేళ్ళ మేటి ఆల్బమ్‌ల జాబితాలో ‘కంచె’ ఎందుకు లేదు?

రెండో చరణం (శనివారం రాత్రి 9:10)

2010 నుంచి 2019 దాకా వచ్చిన తెలుగు ఆల్బమ్‌లలో మేటి పది అంటూ కొందరు విమర్శకులు కలిసి వేసిన జాబితా ఒకటి నిన్న చదివాను. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగేలోపు రెండుసార్లు చదివాను. ‘ఏ మాయ చేసావె’, ‘బాహుబలి’, ‘మనం’, ‘అర్జున్ రెడ్డి’, ‘రంగస్థలం’, ‘మహానటి’, ‘గీత గోవిందం’... వీటిలో చాలావాటితో నాకు పేచీ లేదు. కానీ ‘కంచె’ లేదు. అదొక్కటే మింగుడు పడటం లేదు.

‘కంచె’ 2015 దసరాకి వచ్చింది. ఒకపక్క రెండో ప్రపంచ యుద్ధం, ఇంకోపక్క ఊళ్ళో కులాల గొడవ. సంగీతం చిరంతన్ భట్, పాటలన్నీ సిరివెన్నెల సీతారామశాస్త్రిగారివే. సినిమాకి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు ఇచ్చారు. పాటల్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఉన్నవి అయిదారు పాటలే. ‘ఇటు ఇటు ఇటు అని’ వినండి, ఒక అబ్బాయికీ అమ్మాయికీ మధ్య అప్పుడే మొదలైన ప్రేమ, తడబాటు. అక్కణ్ణుంచి ‘రా ముందడుగేద్దాం’ దగ్గరికి వచ్చేసరికి ద్వేషం గురించి మనల్నే నిలదీస్తుంటాడాయన. రెండూ రాసింది ఒకే చెయ్యి. ఒకే కథ మీద ఒకే మనిషి మనసు పెట్టి కూర్చుంటే పాటలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆల్బమ్ అంటే నా దృష్టిలో అదీ. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఏదీ దాటెయ్యకుండా వినబుద్ధి కావాలి. విమర్శకులు ఈ లెక్కన చూశారా, హిట్ పాటలు ఏ సినిమాలో ఎక్కువున్నాయని లెక్కపెట్టారా? మీరేమంటారు?

బీట్ డ్రాప్ (9:32)

అన్నా, నీ బాధ అర్థమైంది కానీ ఒక మాట. జనం విన్నది లెక్కలోకి రాదా? 2018లో నేను కూకట్‌పల్లి హాస్టల్‌లో ఉన్నా. ‘ఇంకేం ఇంకేం కావాలే’ వచ్చిన వారం మా ఫ్లోర్‌లో ప్రతి రూములోంచీ అదే పాట. బాత్‌రూమ్‌లో ఒకడు పల్లవి అందుకుంటే మెట్ల మీద ఇంకొకడు చరణం పాడేవాడు. ‘కంచె’ పాట అలా ఎవరైనా పాడగా విన్నావా? జాబితా అంటే ఆ పదేళ్ళు మనం ఎలా బతికామో కూడా అందులో కనపడాలి కదా.

నా లెక్కలో ఆ జాబితాలో ఉండాల్సి లేనిదల్లా ‘ఆరెంజ్’. 2010లో సినిమా పోయింది, పాటలు పోలేదు. 2023లో మళ్ళీ విడుదల చేస్తే థియేటర్లో తెర కంటే జనమే గట్టిగా పాడారు. నేనూ ఉన్నా అక్కడ. పదమూడేళ్ళ తర్వాత కూడా ఒక్క లైను తప్పకుండా పాడించిన ఆల్బమ్‌ని పక్కన ఎలా పెడతారు? హారిస్ జయరాజ్ సంగీతం అది.

పది హెచ్ బస్సు (9:41)

బీట్ డ్రాప్ చెప్పింది నిజం. ‘చిలిపిగా చూస్తావలా’ ఒక్కటి చాలు. కానీ నాకు ఇంకో అనుమానం. ‘అల వైకుంఠపురములో’ ఏ దశాబ్దంలోకి వస్తుంది? సినిమా 2020 సంక్రాంతికి వచ్చింది. ‘సామజవరగమన’ మాత్రం 2019 సెప్టెంబర్లోనే వచ్చేసింది. ‘రాములో రాములా’, ‘బుట్టబొమ్మ’ కూడా 2019లోనే. ఆ సంక్రాంతికి మేం థియేటర్‌కి వెళ్ళేసరికే పాటలన్నీ నోటికొచ్చు. తమన్‌కి జాతీయ అవార్డు వచ్చింది 2020 సినిమాల లెక్కలో. విమర్శకులు దీన్ని ఇటూ పెట్టలేదు, అటూ పెడతారో లేదో తెలియదు. రెంటికీ చెడ్డ రేవడి అయిపోతుందని నా భయం.

కోఠి క్యాసెట్ (10:05)

ఈ చర్చలో నేనూ నాలుగు మాటలు చెప్పాలి. కోఠిలో మాది పాటల షాపు. క్యాసెట్లు, తర్వాత సీడీలు. ఇప్పుడు అదే షట్టర్ కింద ఫోన్ కవర్లు, ఛార్జర్లు అమ్ముతున్నా.

మీరంతా ఆల్బమ్ ఆల్బమ్ అంటున్నారు. 2010లో ఆల్బమ్ అన్న మాటకున్న అర్థం వేరు, 2019లో ఉన్న అర్థం వేరు. అప్పట్లో శిల్పకళావేదికలో ఆడియో ఫంక్షన్ అయిన మర్నాడు పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి జనం నిలబడి ఉండేవాళ్ళు. సీడీ చేతికివ్వగానే ముందు బొమ్మ చూసేవాళ్ళు, తర్వాత తిప్పి వెనకాల పాటల వరస చూసేవాళ్ళు. లోపల మడత కాగితం విప్పి ఏ పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు అని అక్కడే నిలబడి చదివే కస్టమర్లు నాకు ఒక పదిమంది ఉండేవాళ్ళు. అందులో ఒకాయన రాసినవాళ్ళ పేరు చూడకుండా డబ్బులు తీసేవాడు కాదు.

తర్వాత మెమరీ కార్డులు వచ్చాయి. షాపులో కంప్యూటర్ పెట్టి కార్డుల్లోకి పాటలు ఎక్కించే పని మొదలైంది. వరస పోయింది ఆ రోజునే. కార్డులోకి వెళ్ళగానే పాటలు అక్షరాల వరసలో సర్దుకునేవి. సినిమా మొదట్లో వచ్చే పాట చివరికి పోయేది, చివర ఏడిపించే పాట ముందుకు వచ్చేది. ఎవరికీ తేడా తెలిసేది కాదు. నాకు మాత్రం ఇల్లు సర్దినవాళ్ళు వంటింటి సామాను వరండాలో పెట్టినట్టు ఉండేది.

2016లో జియో వచ్చాక కార్డుల పనీ అయిపోయింది. అప్పటికే లిరికల్ వీడియోలు ఊపందుకున్నాయి. వారానికో పదిహేను రోజులకో ఒక పాట వదలడం. ఆడియో ఫంక్షన్ పోయి ప్రీ రిలీజ్ ఈవెంట్ వచ్చింది. కాబట్టి పది హెచ్ బస్సు అడిగినదానికి నా జవాబు: ‘అల వైకుంఠపురములో’ ఆ పదేళ్ళ చివరి గడప మీద నిలబడ్డ ఆల్బమ్. పాటలు ఒక్కొక్కటిగా వచ్చినా ప్రతిదీ నిలిచింది. నేనైతే 2019లోనే వేస్తా, ఎందుకంటే జనం చెవికి చేరింది అప్పుడే. సినిమా తేదీ సినిమా జాబితాకి, పాట తేదీ పాటల జాబితాకి.

రెండో చరణంగారూ, ‘కంచె’ సీడీ నా దగ్గర ఇప్పటికీ ఒకటుంది. అమ్మలేదు.

గానసభ వెనక వీధి (10:30)

అందరికీ నమస్కారం. నా వయసు డెబ్బై దాటింది, టైపు చేయడం ఆలస్యం. తప్పులుంటే సర్దుకోండి.

‘శ్రీరామరాజ్యం’ పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. 2011 నవంబర్. ఇళయరాజా సంగీతం, జొన్నవిత్తుల సాహిత్యం, బాపుగారి ఆఖరి సినిమా. ముళ్ళపూడి రమణగారు సినిమా విడుదల చూడకుండానే అదే ఏడాది ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు. 1963లో ‘లవకుశ’ చూసినవాణ్ణి నేను. ఘంటసాలగారి బాణీలు, లీల, సుశీల గొంతులు రక్తంలో కలిసిపోయినవాళ్ళం. అదే కథకి మళ్ళీ పాటలు కట్టడం అంటే ఎంత ధైర్యం కావాలి! వినకముందు నేను కూడా పెదవి విరిచాను.

‘జగదానంద కారక’ మొదలవగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ‘లవకుశ’ని అనుకరించే పని ఎక్కడా పెట్టుకోలేదు ఇళయరాజా. ‘గాలి నింగి నీరు’ బాలుగారు పాడిన తీరు వినండి. సీతని అడవిలో వదిలిపెట్టే ఘట్టం. పంచభూతాలని పిలిచి నిలదీసే పాట అది. గొంతు పెంచి ఏడిస్తే సులువుగా ఏడుపొస్తుంది. ఆయన అలా చెయ్యలేదు, ఏడుపుని గొంతులోనే ఆపి పట్టుకున్నాడు. 2020 సెప్టెంబర్లో ఆయన పోయిన రోజు మా ఇంట్లో వేసుకున్నది ఈ పాటే. పదికి పైగా పాటలున్న ఆల్బమ్, పద్యాల్లాంటి తునకలు కూడా కలిపి. మొదలుపెడితే మంగళం దాకా వదిలిపెట్టదు. రెండో చరణం బాబు పెట్టిన కొలతకి ఇంతకంటే బాగా సరిపోయేది చూపించండి.

బీట్ డ్రాప్ (10:38)

తాతగారూ, నేను అది పూర్తిగా వినలేదు. ఈ రాత్రి వింటా.

ఆర్కెస్ట్రా కీబోర్డు (11:15)

ప్రోగ్రామ్ నుంచి ఇప్పుడే వచ్చా. నాగోల్‌లో సంగీత్. పదిహేనేళ్ళుగా పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయిస్తున్నా, అందుకని నా దగ్గరున్న జాబితా విమర్శకులది కాదు, చీటీలది. జనం స్టేజి దగ్గరికి చీటీలు పంపిస్తారు, ఏ పాట కావాలో రాసి. ఒక పాట ఎన్నేళ్ళు చీటీల్లో వస్తుందో అదే నాకు కొలత.

‘బుట్టబొమ్మ’ ఇప్పటికీ రోజూ వస్తుంది. ‘కుందనపు బొమ్మ’ పెళ్ళికొడుకు ఫ్రెండ్స్ అడుగుతారు. ‘వచ్చిండే’ లేకుండా తెలంగాణ పెళ్ళిలో ప్రోగ్రామ్ దిగలేం. శ్రీమంతాలకి పిలిస్తే మాత్రం గానసభ తాతగారు చెప్పిన ఆల్బమ్‌లోంచే అడుగుతారు, ‘సీతా సీమంతం’. మొన్న మౌలాలిలో ఒక పెద్దావిడ స్టేజి ఎక్కి నా పక్కన నిలబడి, శ్రుతి కాస్త దించు నాయనా, నేనే పాడతా అంది. దించాను. మైకు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, చూసి చదవకుండా మొత్తం పాడింది. ప్యాడ్ వాయించే కుర్రాడు వాయించడం ఆపేసి వింటూ నిలబడ్డాడు. కూర్చున్న ఆ గర్భవతి ఆవిడ మనవరాలట.

ఇక ‘రంగస్థలం’ గురించి. దాన్ని విమర్శకులు పైన పెట్టడం వందకు వంద శాతం న్యాయం. దేవిశ్రీ ప్రసాద్ సంగీతం సంగతి అందరూ రాశారు. చంద్రబోస్‌గారి రాత గురించి తక్కువ రాశారు. హీరోకి చెవుడు. అందుకని ‘రంగా రంగా రంగస్థలాన’లో వినపడేట్టు కాదు, కనపడేట్టు కొట్టండి అంటాడు డప్పులవాళ్ళతో. ఆ మాట ఆ సినిమాలో తప్ప ఇంకే సినిమాలోనూ ఇమడదు. ‘ఎంత సక్కగున్నావే’లో వేరుశెనగ కోసం మట్టి తవ్వితే లంకెబిందె తగిలిందంటాడు. పొలంలో చెయ్యి పెట్టినవాడి ఊహ అది. స్టేజి మీద ఆ లైను రాగానే వెనక వరసల్లో కూర్చున్న ముసలివాళ్ళు తలలూపుతారు, నేను ప్రతిసారీ చూస్తా.

కోఠి క్యాసెట్ (11:24)

‘రంగస్థలం’ మీద ఇంకో సంగతి. సినిమాకి ముందు విడుదలైన ఆల్బమ్‌లో ‘ఓరయ్యో’ లేదు. అన్న చచ్చిపోయినప్పుడు వచ్చే పాట, చంద్రబోస్‌గారే రాసి ఆయనే పాడారు. థియేటర్లో విన్నవాళ్ళు మర్నాడు షాపుకొచ్చి ఆ పాట ఏదని అడిగారు. ఇవ్వడానికి నా దగ్గర లేదు. ఆల్బమ్ గుండెకాయ ఆల్బమ్‌లో లేకుండా వచ్చింది. దాన్ని కలిపి లెక్కేస్తే ‘రంగస్థలం’ నాకు మొదటి స్థానం.

వరంగల్ టు కూకట్‌పల్లి (ఆదివారం పొద్దున 7:50)

రాత్రంతా మీ చర్చ చదివిన. ఒక్కరు కూడా ‘జై బోలో తెలంగాణ’ అనలేదు. మనసుకు కష్టమనిపించి రాస్తున్నా.

2011 ఫిబ్రవరిలో వచ్చింది ఎన్. శంకర్ సినిమా. సంగీతం చక్రి. గద్దరన్న ‘పొడుస్తున్న పొద్దు మీద’ అందులోదే. నేను అప్పుడు డిగ్రీ సెకండ్ ఇయర్. మార్చి 10న మిలియన్ మార్చ్, తర్వాత సెప్టెంబర్ నుంచి 42 రోజుల సకల జనుల సమ్మె. ఆ ఏడాదంతా హన్మకొండ బస్టాండ్‌లో, ధర్నా టెంట్ల దగ్గర, ఆటోల్లో అదే పాట. సమ్మెలో బస్సులు బందైతే మా నాన్న సైకిల్ మీద తిరిగేటోడు, హ్యాండిల్‌కి చిన్న ఎఫ్‌ఎం రేడియో కట్టుకుని. పాటలోని ‘కాలమా’ అన్న పిలుపు దగ్గర కాళ్ళు తొక్కుడు ఆపి సైకిల్‌ని దానంతట అది పోనిచ్చేటోడు. ఇప్పుడు నాన్న లేడు. చక్రి 2014లో పోయిండు, గద్దరన్న 2023లో పోయిండు. పాట ఉన్నది.

ఒక ఆల్బమ్‌లోంచి వచ్చిన పాట ఒక రాష్ట్రం పుట్టుకలో నడిచింది. ఆ పదేళ్ళ జాబితా హైదరాబాద్‌ల కూసొని వేసినవాళ్ళకు అది గుర్తు రాకపోతే ఎట్ల?

‘ఫిదా’ సంగతి కూడా. శక్తికాంత్ కార్తీక్ సంగీతం, ‘వచ్చిండే’ సుద్దాల అశోక్ తేజగారు రాసిన పాట. 2017 దాకా మా యాస అంటే సినిమాల్లో కామెడీకో విలన్‌కో. ‘వచ్చిండే’ మా మాటను పెళ్ళిపందిట్లకు తెచ్చింది. ఇప్పుడు గుంటూరు పెళ్ళిళ్ళలో కూడా డ్యాన్స్ చేస్తున్నరు.

రెండో చరణం (8:20)

వరంగల్ అక్కా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ టైపు చెయ్యలేకపోయాను. ‘జై బోలో తెలంగాణ’ నా మనసులోకి కూడా రాలేదు, అది నా తప్పే. నా కొలత ఒక్కటే పట్టుకుని కూర్చున్నాను: మొదటి నుంచి చివరి దాకా వినబుద్ధి కావాలి అని. మీ నాన్నగారు సైకిల్ మీద విన్నది ఒక్క పాటే అయినా ఆ పాట ఆల్బమ్‌ని మోసింది. నా పదిలోకి అది వస్తుంది.

బీట్ డ్రాప్ తమ్ముడూ, జనం విన్నది లెక్కలోకి రావాలన్నావు. ఒప్పుకుంటా. కానీ విమర్శకుడి పని ఇంకొకటి కూడా ఉంది. మనం వినకుండా వదిలేసినదాన్ని చెయ్యి పట్టుకుని మన ముందుకి తేవాలి. ‘గీత గోవిందం’ గొప్పదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మీ హాస్టల్ మెట్లే చెప్పాయి. ‘కంచె’ గురించి చెప్పాల్సింది వాళ్ళే. అందుకే నా కోపం.

పది హెచ్ బస్సు (8:47)

‘అర్జున్ రెడ్డి’ మీద ఒక మాట. రథన్ పాటలు నాకూ ఇష్టం, ‘మధురమే’ నా రింగ్‌టోన్ రెండేళ్ళు. కానీ జాబితాలో దాని పక్కన రాసిన నాలుగు లైన్లలో సగం నేపథ్య సంగీతం గురించి మెచ్చుకోలే. నేపథ్య సంగీతం చేసింది హర్షవర్ధన్ రామేశ్వర్. ఆల్బమ్‌కి మార్కులేస్తూ ఇంకొకరి పని కలిపేస్తే ఇద్దరికీ అన్యాయమే కదా. ఎవరు చేసిన పని వాళ్ళ పేరు మీద ఉండాలి.

కోఠి క్యాసెట్ (9:02)

మడత కాగితం లేకపోతే జరిగేది ఇదే. యాప్‌లో పాట కింద పాడినవాళ్ళ పేరు కనపడుతుంది, రాసినవాళ్ళ పేరు కోసం వెతుక్కోవాలి. మొన్న మా అబ్బాయి ఫోన్‌లో ‘కేరాఫ్ కంచరపాలెం’ ఆల్బమ్ పెట్టి ‘ఆశా పాశం’ రాసింది ఎవరని అడిగా. స్క్రీన్ పైకీ కిందికీ జరిపి తెలియదన్నాడు. రాసింది విశ్వ. స్వీకార్ అగస్తి బాణీ, అనురాగ్ కులకర్ణి పాడాడు. ఆ పాట వింటూ కూర్చుంటే మనిషికి మాట పెగలదు. రాసిన మనిషి పేరు కూడా వినేవాళ్ళకి తెలియకపోతే ఎలా?

ఆర్కెస్ట్రా కీబోర్డు (9:15)

విశ్వగారి పేరు ఇక మీద స్టేజి మీద చెప్పి పాడిస్తా. మా యాంకర్‌కి చీటీ రాసిచ్చా ఇప్పుడే.

ఒక ప్రశ్న. ఎంతసేపూ సినిమాలేనా? చౌరస్తా బ్యాండ్ ‘ఊరెళ్ళిపోతా మామ’ మాకు చీటీల్లో వచ్చింది. సినిమా పాట కానిది చీటీలో రావడం ఎంత అరుదో నాకు తెలుసు. సిటీలో పని చేసుకునే కుర్రవాళ్ళే అడుగుతారు, అదీ రాత్రి పదకొండు దాటాక, చుట్టాలంతా భోజనాలకి లేచాక.

బీట్ డ్రాప్ (9:40)

ఆ పాట నేనూ అడిగినవాణ్ణే అన్నా. అదే బ్యాండ్‌లోంచి రామ్ మిరియాల సినిమాల్లోకి వచ్చాడు. ఒక్క పాట కాదు, ఇలాంటి పాటలకి వేరే జాబితా వెయ్యాలి. బంజారాహిల్స్‌లో కళాకారులు కలిసే చోటు లామకాన్‌లో సాయంత్రాలు గిటార్ పట్టుకుని పాడినవాళ్ళలో సగం మంది పాటలు రికార్డే అవ్వలేదు.

ఇంకోటి. రాత్రి ‘శ్రీరామరాజ్యం’ మొత్తం విన్నా, వరసలో. రెండింటికి పడుకున్నా. తాతగారూ, ‘గాలి నింగి నీరు’ రెండుసార్లు విన్నా. మీరు చెప్పిన చోటు, ఏడుపు గొంతులో ఆపి పట్టుకున్న చోటు, రెండోసారికి పట్టుకోగలిగా.

గానసభ వెనక వీధి (10:10)

సంతోషం నాయనా. నాకు ‘కంచె’ వినాలని ఉంది. సీతారామశాస్త్రిగారు 2021 నవంబర్లో పోయారు. ఆయన రాసినవన్నీ విన్నాననుకున్నాను, ఇది మాత్రం ఎలా తప్పిపోయిందో. ఫోన్‌లో ఆ యాప్‌లు నాకు కుదరవు, మధ్యలో ప్రకటనలు వచ్చి పాట తెగిపోతుంది. మా ఇంట్లో సీడీ ప్లేయర్ పనిచేస్తుంది. కోఠి క్యాసెట్‌గారూ, మీ దగ్గరున్న సీడీ రెండు రోజులు ఇస్తారా? జాగ్రత్తగా తిరిగి ఇస్తాను.

కోఠి క్యాసెట్ (10:22)

గారు వద్దు సార్. ఆదివారం షాపు బంద్, చిక్కడపల్లి నాకు పది నిమిషాలే. సాయంత్రం ఆరింటికి త్యాగరాయ గానసభ గేటు దగ్గర నిలబడతా. సీడీ గీతలు పడకుండా తువ్వాలులో చుట్టి తెస్తున్నా, మడత కాగితం కూడా లోపలే ఉంది.

రెండో చరణం (10:25)

నేనూ వస్తా. తాతగారూ, మీకు అభ్యంతరం లేకపోతే మీ ఇంట్లోనే కలిసి విందాం.

గానసభ వెనక వీధి (10:41)

రండి బాబూ. ప్లేయర్ మీద దుమ్ము ఇప్పుడే తుడిచాను. ఆరున్నరకి మొదలుపెడదాం.